కణచక్రం వెనక్కి ఎందుకు తిరగదు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాం. కానీ కవితలు రాసేవాళ్ళకు మన హాస్టల్లో ఏనాడూ కొదవ లేదు. అందుకని మాకు చేతనైన పాఠమే ఒకటి రాస్తున్నాం. బై.పి.సి. వాళ్ళే కాదు, సి.ఇ.సి. వాళ్ళు చదివినా అర్థం కావాలని మా ప్రయత్నం.

ఇంటర్ పుస్తకంలో కణచక్రం బొమ్మ ఉంటుంది. గుండ్రంగా గీసి నాలుగు ముక్కలు చేసి ఉంటుంది. జి1 దశలో కణం పెరుగుతుంది. ఎస్ దశలో డి.ఎన్.ఏ. రెట్టింపు అవుతుంది. జి2 దశలో విభజనకు సిద్ధమవుతుంది. ఎం దశలో రెండుగా చీలుతుంది. మేము హాస్టల్ వరండాలో కూర్చుని దీన్ని అప్పజెప్పుకున్నవాళ్ళమే. బొమ్మలో బాణాలన్నీ ఒకే వైపుకు ఉంటాయి. అవి ఎందుకు ఒకే వైపుకు ఉన్నాయో మేము అడగలేదు, మాకెవరూ చెప్పలేదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో మా బ్యాచ్ సెమినారు రోజున సార్ సరిగ్గా ఆ ప్రశ్నే వేశారు. "కణంలో జరిగే రసాయన చర్యలు చాలావరకు రెండువైపులా నడిచేవే కదా, మరి సగం చీలిన కణం మనసు మార్చుకుని మళ్ళీ ఒకటైపోదేం?" దశల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగిన మాకెవ్వరికీ జవాబు రాలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివినదే ఈ వ్యాసం.

1982 వేసవిలో టిమ్ హంట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో సీ అర్చిన్ అండాలతో పనిచేస్తున్నాడు. జువాలజీలో నక్షత్ర చేప పక్కన ఒంటినిండా ముళ్ళతో కనిపించే జీవి అదే. దాని అండాలతో ఒక సౌకర్యం ఉంది. ఒకేసారి ఫలదీకరణ చేస్తే వేల అండాలు కవాతు చేసినట్లు ఒకే సమయంలో చీలుతాయి. హంట్ చూడాలనుకున్నది విభజనను కాదు, ఫలదీకరణ తరువాత అండంలో ప్రోటీన్ల తయారీ ఎలా పుంజుకుంటుందన్నది. రేడియోధార్మిక మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని అండాలకు ఇచ్చి, కొద్ది నిమిషాలకొకసారి కొన్ని అండాలను తీసి, వాటి ప్రోటీన్లను జెల్ మీద విడగొట్టి ఫిల్ము మీద చారలుగా చూశాడు. చారలన్నీ కాలం గడిచేకొద్దీ ముదురుతున్నాయి. ఒక్క చార మాత్రం ముదిరి ముదిరి, అండం చీలే వేళకు మాయమైపోయింది. తరువాత మళ్ళీ మొలిచింది, మళ్ళీ విభజన వేళకు మాయమైంది. చక్రంలా వచ్చిపోతోంది కనుక దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. ఈ ఫలితం 1983లో అచ్చయింది. ప్రోటీన్ ఉన్నట్టుండి లేకుండా పోవడమూ కణానికి ఒక సంకేతమేనన్న ఊహ అక్కడ మొదలైంది.

సైక్లిన్ ఒంటరిగా ఏ పనీ చేయదు. దానికి ఒక జోడీ ఉంది, పేరు సి.డి.కె. అది ఒక ఎంజైము. ఇతర ప్రోటీన్ల మీద ఫాస్ఫేటు అనే చిన్న గుర్తును అంటించడం దాని పని. ఇలా ఫాస్ఫేటు అంటించే ఎంజైములన్నిటినీ కైనేజులు అంటారు. కణంలో సి.డి.కె. మోతాదు పెద్దగా మారదు. సైక్లిన్ దొరికితే పనిచేస్తుంది, దొరక్కపోతే ఖాళీగా కూర్చుంటుంది. అంటే సైక్లిన్ పెరగడం, తరగడమే కణం గడియారమన్నమాట. ఈ సి.డి.కె. జన్యువులను ఈస్టులలో పట్టుకున్నవారు లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్. వీరిద్దరికీ, హంట్‌కూ కలిపి 2001లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇందులో పాల్ నర్స్ గురించి మన హాస్టల్ వాళ్ళు ఒక మాట తెలుసుకోవాలి. ఆయన శ్రామిక కుటుంబం నుంచి వచ్చినవాడు. ఫ్రెంచి భాష పరీక్ష ఆరుసార్లు తప్పాడు. ఆ కారణంగా యూనివర్సిటీలో సీటు దొరక్క కొంతకాలం బీరు తయారుచేసే కంపెనీకి చెందిన ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేశాడు. ఇంగ్లీషు పేపరు తలుచుకుని నిద్రపట్టని తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసమే రాశాం.

సరే, సైక్లిన్‌ను మాయం చేసేదెవరు? ఈ కథ ఇంకోచోట, కుందేలు లేత ఎర్ర రక్తకణాల రసంలో నడిచింది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో అవ్రమ్ హెర్ష్కో, ఆరన్ సీకనోవర్, అమెరికాలో ఇర్విన్ రోజ్ కలిసి ఒక వింతను పరిశీలించారు. ప్రోటీన్‌ను ముక్కలు చేయడానికి కణం ఏ.టి.పి.ని, అంటే తన శక్తిని, ఖర్చు పెడుతోంది. ఇల్లు కట్టడానికి డబ్బు కావాలి, నిజమే. కూలిపోవడానికి కూడా డబ్బెందుకు? వారు తేల్చింది ఏమంటే, ఖర్చు ముక్కలు చేయడానికే కాదు, ఎవరిని ముక్కలు చేయాలో ఎంచడానికి కూడా. ఎంచిన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్‌ను అతికిస్తారు. దానికి ఇంకొకటి, దానికి మరొకటి, అలా గొలుసు కడతారు. గొలుసు పడిన ప్రోటీన్‌ను ప్రోటీయోజోమ్ అనే పీపా ఆకారపు యంత్రం లోపలికి లాక్కుని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. గొలుసును మాత్రం ముందే విప్పి మళ్ళీ వాడుకుంటుంది. వీరు ముగ్గురికీ 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సైక్లిన్ మాయమయ్యేది కూడా ఈ దారిలోనేనని 1991లో తేలింది.

గొలుసు వేసే పనిలో మూడు రకాల ఎంజైములు వరుసగా చేతులు కలుపుతాయి. వాటిని ఇ1, ఇ2, ఇ3 అంటారు. మొదటి రెండూ యుబిక్విటిన్‌ను సిద్ధం చేసి అందిస్తాయి. ఫలానా ప్రోటీన్‌కే గొలుసు పడాలని గుర్తుపట్టేది ఇ3. అందుకే మన కణాల్లో ఇ1లు రెండే ఉంటే ఇ3లు దాదాపు ఆరు వందలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇ3కి ఎవరు చెబుతారు, "ఇప్పుడు, దీన్ని" అని? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మన ఊళ్ళలో ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ముందు ఒకరు వచ్చి కొట్టేయాల్సిన చెట్లకు సున్నంతో నంబర్లు వేసి పోతారు. తరువాత రంపం పట్టుకుని వచ్చేవాడు నంబరున్న చెట్టునే కోస్తాడు. చాలా ప్రోటీన్ల విషయంలో ఫాస్ఫేటు ఆ సున్నపు నంబరు లాంటిది. కైనేజు నంబరు వేస్తుంది. ఇ3 ఆ నంబరు చదివి గొలుసు వేస్తుంది. ప్రోటీయోజోమ్ కోస్తుంది. కణం బయటి నుంచి, లోపలి నుంచి వచ్చే కబుర్లన్నీ చివరికి కైనేజుల దగ్గరకే చేరతాయి. కాబట్టి ఏ ప్రోటీన్ బతకాలి, ఏది పోవాలి అన్నది కబురును బట్టి మారుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. చేతికి దెబ్బ తగిలి చర్మం లేచిపోయింది. ఆ చోట పెరుగుదల కారకాలు విడుదలవుతాయి. అవి చర్మకణం పొర మీది గ్రాహకాన్ని తాకితే కబురు లోపలికి పోయి, చేతులు మారి, ఏ.కె.టి. అనే కైనేజుకు చేరుతుంది. జి1 దశను నడిపేది సైక్లిన్ డి1. కబురు లేని రోజుల్లో జి.ఎస్.కె.-3 అనే ఇంకో కైనేజు సైక్లిన్ డి1 మీద 286వ స్థానంలోని త్రియోనిన్‌కు ఫాస్ఫేటు వేస్తుందని 1998లో చూపించారు. నంబరు పడిన సైక్లిన్ డి1 కేంద్రకం వదిలి బయటికి వచ్చి కోతకు గురవుతుంది. తయారైన దానిలో సగం అరగంట లోపే పోతుంది. కబురు రాగానే ఏ.కె.టి. వెళ్ళి జి.ఎస్.కె.-3 నోరు మూయిస్తుంది. నంబరు వేసేవాడు లేడు కనుక సైక్లిన్ డి1 నిలుస్తుంది, కణం విభజన వైపు అడుగు వేస్తుంది. ఇక్కడ కబురు కొత్త ప్రోటీన్‌ను తయారు చేయించడమే కాదు, ఉన్నదాన్ని చావకుండా ఆపుతోంది కూడా. సైక్లిన్ డిలకు గొలుసు వేసే ఇ3 ఏదన్న దానిపై చాలా ఏళ్ళు రకరకాల పేర్లు వినిపించాయి. 2021లో మూడు బృందాలు వేర్వేరుగా పనిచేసి అంబ్రా1 అనే ప్రోటీన్ వైపు వేలు చూపాయి. పాత పుస్తకంలో వేరే పేరు కనిపిస్తే కంగారు పడకండి, పుస్తకం కంటే పరిశోధన ముందు నడిచింది.

జి1 నుంచి ఎస్ దశలోకి పోవాలంటే ఇంకో అడ్డంకి ఉంది. పి-27 అనే ప్రోటీన్ సైక్లిన్ ఇ, సి.డి.కె.2 జంటను బ్రేకులా పట్టుకుని ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఆ బ్రేకుకు నంబరు వేసేది ఆ జంటే! పట్టు నుంచి తప్పించుకున్న కొద్దిపాటి సి.డి.కె.2 మిగిలిన పి-27 మీద 187వ స్థానంలో ఫాస్ఫేటు వేస్తుంది. ఎస్.సి.ఎఫ్. అనే ఇ3 దాన్ని చదివి గొలుసు వేస్తుంది. పి-27 కొంత పోతే ఇంకొంత సి.డి.కె.2 విడుదలవుతుంది, అది ఇంకాస్త పి-27ను పోగొడుతుంది. కట్టకు చిన్న గండి పడితే నీళ్ళే ఆ గండిని పెద్దది చేసుకున్నట్లు. అందుకే ఈ దాటడం మెల్లగా మొదలై చివరికి ఒక్క ఊపున జరిగిపోతుంది. ఈస్టులో ఇలాంటి బ్రేకు సిక్1. దాని మీద ఒక్క ఫాస్ఫేటు పడితే చాలదని, కనీసం ఆరు చోట్ల పడితేనే ఇ3 సరిగ్గా పట్టుకుంటుందని 2001లో ఒక పరిశోధన చూపింది. పొరపాటున ఒకటి రెండు నంబర్లు పడ్డంత మాత్రాన డి.ఎన్.ఏ. రెట్టింపు మొదలు కాదన్నమాట.

ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్లనో, మరో కారణం వల్లనో డి.ఎన్.ఏ. దెబ్బతింటే కబురు లోపలి నుంచే పుడుతుంది. దెబ్బను పసిగట్టే ఏ.టి.ఆర్. కైనేజు, సి.హెచ్.కె.1 అనే కైనేజును లేపుతుంది. అది సి.డి.సి.25ఏ అనే ప్రోటీన్‌కు నంబరు వేస్తుంది. సి.డి.కె.ను నడిపించే ఆ ప్రోటీన్ తొందరలోనే కోతకు పోతుంది, చక్రం ఆగుతుంది. అదే వేళ పి-53కి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం జరుగుతుంది. మామూలు రోజుల్లో పి-53ను ఎం.డి.ఎం.2 అనే ఇ3 పట్టి పట్టి కోయిస్తూ ఉంటుంది. డి.ఎన్.ఏ. దెబ్బతిన్న కబురు రాగానే ఏ.టి.ఎం. మొదలైన కైనేజులు ఆ పట్టును వదిలిస్తాయి. పి-53 నిలిచి, పోగుపడి, మరమ్మతు అయ్యేదాకా విభజనను ఆపుతుంది. దెబ్బ మరీ ఎక్కువైతే కణాన్ని చనిపొమ్మంటుంది. ఒకే ప్రమాద ఘంటకు ఒకరికి ఉరి, మరొకరికి స్టే!

అన్నిటికంటే మాకు ఇష్టమైనది మధ్యస్థ దశ. మన కణంలో 46 క్రోమోజోములు. ఒక్కోదానికి అతుక్కుని ఉన్న ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, ఒక్కొక్కరికి ఒక పిడి, వెరసి 92 పిడులు. ప్రతి పిడినీ కండె పోగులు పట్టుకోవాలి. విహారయాత్ర రోజున వార్డెన్ గారు బస్సు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టడం గుర్తుంది కదా! ఒక్కరు రాకపోయినా డ్రైవరు గేరు వేయకూడదు. కణంలోనూ అంతే. పోగు తగలని పిడి ఒక్కటి ఉన్నా అది "ఆగు, ఆగు" అని కబురు పంపుతూనే ఉంటుంది. మ్యాడ్2, బబ్‌ఆర్1 అనే ప్రోటీన్లు సి.డి.సి.20 అనే దాన్ని పట్టి ఉంచుతాయి. సి.డి.సి.20 లేనిదే ఏ.పి.సి. అనే పెద్ద ఇ3 తన పని చేయలేదు. చివరి పిడికి కూడా పోగు తగలగానే కేక ఆగిపోతుంది, సి.డి.సి.20 విడుదలవుతుంది, ఏ.పి.సి. ఒకేసారి ఇద్దరిని కోతకు పంపుతుంది. ఒకటి సెక్యూరిన్. అది పోగానే సెపరేజ్ అనే కత్తెర చేతికి స్వేచ్ఛ వస్తుంది, అక్కాచెల్లెళ్ళను కట్టిన తాడు తెగుతుంది, చలన దశ మొదలవుతుంది. రెండోది సైక్లిన్ బి, హంట్ చూసిన మాయమయ్యే చారల కుటుంబానిదే. అది పోగానే సి.డి.కె.1 చల్లబడి కేంద్రకం పొర మళ్ళీ ఏర్పడుతుంది, కణం రెండవుతుంది.

ఇప్పుడు సార్ ప్రశ్నకు జవాబు. ఫాస్ఫేటు గుర్తును చెరిపే ఎంజైములు కణంలో బోలెడు ఉన్నాయి, అంటే నంబరును కడిగేయవచ్చు. కోసిన చెట్టును మాత్రం అతికించలేం. కొత్త మొక్క నాటి పెంచాల్సిందే, దానికి సమయం పడుతుంది. ఆ సమయంలో కణం ముందుకు వెళ్ళిపోతుంది. ఇది మా ఊహ కాదు. అమెరికాలోని ఓక్లహోమాలో గ్యారీ గోర్బ్‌స్కీ బృందం చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. విభజనలో ఉన్న కణాలకు వారు రెండు మందులు ఇచ్చారు. ఒకటి ప్రోటీయోజోమ్‌ను ఆపేది, అంటే సైక్లిన్ బి కోతకు పోదు. రెండోది సి.డి.కె.ను తాత్కాలికంగా నిద్రపుచ్చేది. సి.డి.కె. నిద్రపోయింది కనుక కణాలు విభజన ముగించడం మొదలుపెట్టాయి. నడుము సన్నబడింది, క్రోమోజోములు విచ్చుకుంటున్నాయి. అప్పుడు రెండో మందును కడిగేశారు. సైక్లిన్ ఇంకా అక్కడే ఉంది కదా, సి.డి.కె. మళ్ళీ లేచింది. సన్నబడిన నడుము మళ్ళీ నిండింది, క్రోమోజోములు మళ్ళీ చుట్టుకున్నాయి, కండె మళ్ళీ కట్టుకుంది! సైక్లిన్‌ను చావనివ్వకపోతే కణచక్రం నిజంగానే వెనక్కి తిరుగుతుంది. ఈ పేపరు చదివిన రాత్రి మా రూములో లైటు చాలాసేపు వెలిగింది.

ఇదంతా చదివితే ఏమొస్తుందని ఇంట్లో వాళ్ళు అడుగుతారు. మా అమ్మ అయితే "పారేసేదానికి కూడా చదువుందా?" అని నవ్వింది. ఉంది. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తరువాతి స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది. దానికి మూలం పాపిలోమా వైరస్ అని తేల్చిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. ఈ క్యాన్సర్లలో దాదాపు నూటికి 70 ఆ వైరస్ 16, 18 రకాల వల్లే. వైరస్ చేసే పని మన పాఠంలోనిదే. దాని ఇ6 ప్రోటీన్ మన కణంలోని ఒక ఇ3ని చేయి పట్టుకుని తీసుకువెళ్ళి పి-53 ముందు నిలబెడుతుంది. కాపలాదారుకు గొలుసు పడుతుంది. డి.ఎన్.ఏ. దెబ్బతిన్నా ఆపేవారు లేక కణం చీలుతూనే పోతుంది. వైరస్ రంపం తెచ్చుకోలేదు, మన సున్నపు డబ్బానే దొంగిలించింది.

ఈ వైరస్ సోకకుండా ఆపే టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ముందుగా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే హాస్టల్ పత్రికలో ఈ టీకా గురించి రాసేవాళ్ళు ఖమ్మం సంగతి రాయకపోతే తప్పు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం పేరుతో వేల మంది బాలికలకు దీన్ని వేశారు. వారిలో గిరిజన హాస్టళ్ళ పిల్లలు ఉన్నారు. తల్లిదండ్రుల అనుమతి ఉండాల్సిన ఫారాలు చాలావాటి మీద వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2010లో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుంది. చెప్పి, అడిగి వేశారా అన్నది ఇంకో ప్రశ్న. చెల్లెళ్ళు రెండూ అడగవచ్చు. వయసు దాటిన అమ్మలకు, అక్కలకు ముఖద్వార పరీక్ష ఉంది. ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మాట చెప్పండి.

కోత యంత్రాన్నే మందుగా మార్చిన కథ కూడా ఉంది. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే బోర్టెజోమిబ్ ప్రోటీయోజోమ్‌ను ఆపుతుంది. 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ క్యాన్సర్ కణాలు ప్రోటీన్లను విపరీతంగా తయారు చేస్తాయి కనుక పారేసే దారి మూసుకుపోతే మిగతా కణాల కంటే ముందు అవే చస్తాయి.

చివరగా బై.పి.సి. వాళ్ళకు. మీ ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొనను అసిటోకార్మిన్‌తో వేడిచేసి, కవర్ స్లిప్ కింద నలిపి చూస్తారు కదా. ఉల్లికి 16 క్రోమోజోములు. మధ్యస్థ దశలో ఉన్న కణం కనిపిస్తే రికార్డులో బొమ్మ గీసి వెంటనే స్లైడు మార్చేయకండి. వేరును ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లంలో వేసిన క్షణాన ఆ కణంలో సైక్లిన్ బి ఇంకా బతికే ఉంది, ఎక్కడో ఒక పిడి ఇంకా కేకవేస్తూ ఉండవచ్చు. పక్కనే చలన దశ కణం ఉంటే అందులో కేక ఆగి, సెక్యూరిన్ కోతకు పోయిందని అర్థం. బహుస్థితికత పాఠంలో కొల్చిసిన్ పేరు చదివే ఉంటారు. మన చేల గట్ల మీద ఎర్రగా పూసే అడవినాభి దుంపలో కూడా అది ఉంది, విషం, నోట పెట్టకూడదు. కొల్చిసిన్ కండె పోగులను కట్టనివ్వదు. పోగులు లేవు కనుక పిడులన్నీ ఒకేసారి కేకవేస్తాయి, ఏ.పి.సి. కదలదు, అందుకే ఆ స్లైడులో ఎటు చూసినా మధ్యస్థ దశలో నిలిచిపోయిన కణాలే కనిపిస్తాయి. అలా నిలిచి నిలిచి, అక్కాచెల్లెళ్ళు చెరోవైపుకు పోకుండానే బయటపడిన కణంలో 16కు బదులు 32 ఉంటాయి.